అంటుకున్న నోరు

ఆ పిల్లల గ్రంథాలయం గోడ మీద "నిశ్శబ్దం" అని ఎర్రరంగుతో మూరెడేసి అక్షరాలు ఉంటాయి. రాసింది తమ్ముడు. సరిగ్గా వాటి కింద బల్ల వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడేది అక్క. పిల్లలకు పుస్తకాలిచ్చే ఉద్యోగం ఆవిడది. పుస్తకం చేతికిస్తూ అందులో కథంతా తనే చెప్పేసేది. ఇంక ఇంటికి తీసుకెళ్ళి చదవడానికి ఏముందని పిల్లలు సగం పుస్తకాలు బల్ల మీదే వదిలేసి పోయేవాళ్ళు. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇంట్లోనూ, వీధిలోనూ, గ్రంథాలయంలోనూ ఆవిడ రేడియో. ఆ పేరంటే కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడాను.

ఆ కుటుంబంలో రెండో రేడియో తమ్ముడి కూతురు. ఆరేళ్ళ పిల్ల. పొద్దున కళ్ళు తెరవక ముందే నోరు తెరిచేది కాబట్టి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా మేనత్తే. మేనత్తా మేనకోడలూ ఒకచోట చేరితే మిగతావాళ్ళు సైగలతో పని కానిచ్చుకోవాల్సిందే. అలాంటి పిల్ల నలభై ఒక్క రోజులుగా ఒక్కటంటే ఒక్క మాట మాట్లాడలేదు.

జరిగింది ఇదీ. తమ్ముడిది సైన్‌బోర్డులు రాసే పని. పదిహేనేళ్ళుగా దుకాణాల నెత్తిన, మేడల అంచుల్లో, రెండు నిలువుల నిచ్చెన మీద నిలబడి రాస్తున్నా ఏనాడూ కాలు జారనివాడు, ఇంట్లో స్టూలెక్కి అటక మీది పాత డబ్బాలు దించబోయి పడ్డాడు. కింద నిలబడి పిచ్చుక "నాన్నా, పడతావ్ నాన్నా" అంటూనే ఉంది. "పడనే పిచ్చిదానా" అంటూనే ఆయన దబ్బుమని పడ్డాడు. మోకాలి కింద ఎముక చిట్లింది. ఆస్పత్రిలో కట్టు కడుతున్నంతసేపూ పిల్ల హుషారుగానే ఉంది. నర్సుకూ, పక్క మంచం మీది ముసలాయనకూ, నేల తుడిచే ఆవిడకూ ఎదురెళ్ళి మరీ చెప్పింది, నాన్న పడతాడని నేను ముందే చెప్పాను అని. ఇంతలో రేడియో ఆయాసపడుతూ వచ్చింది. ఏడుస్తున్న మరదలిని ఊరడించింది. నాలుగు జోకులు వేసి మంచం మీదున్న తమ్ముణ్ణి కూడా నవ్వించింది. "నవ్వించకే అక్కా, కాలు కదులుతోంది" అని అతను దండం పెట్టాడు. ఏం జోకులు వేసిందో ఆవిడకే గుర్తులేదు. రోజుకు వంద వేసే మనిషికి ఏదని గుర్తుంటుంది? ఆ సాయంత్రం ఇంటికొచ్చాక పిల్ల నోటికి తాళం పడింది.

"కళ్ళ ముందు తండ్రి పడేసరికి జడుసుకుంది" అన్నారు అందరూ. రెండు రోజుల్లో అదే పోతుందనుకున్నారు. రెండు రోజులు కాస్తా రెండు వారాలయ్యాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నోరు తెరవమన్నాడు. పిల్ల పళ్ళు బిగబట్టింది. చెంచా పెట్టి తెరవబోతే ఆయన వేలు నలిగింది. చెవులు చూశాడు, బాగున్నాయి. దగ్గు వినపడుతోంది కాబట్టి గొంతూ బాగానే ఉందన్నాడు. "దానంతట అదే మాట్లాడుతుంది. బలవంతం చెయ్యకండి" అని వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు.

బడిలో హెడ్మాస్టరమ్మకు అంత ఓపిక లేదు. హాజరు పిలిస్తే పలకని పిల్లని ఎన్నాళ్ళు ఉంచుకుంటాం అంది. నెలాఖరు దాకా గడువిచ్చింది. అప్పటికీ పలకకపోతే, ఊరి ఆ చివర మాటలు రాని పిల్లలకు వేరే బడి ఉందట, అక్కడ చేర్పించుకోమంది. నెలాఖరుకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి.

పిల్ల తల్లి కుట్టుమిషను పని చేస్తుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ వారం మాత్రం ఆడపడుచు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకేం పాలుపోవట్లేదు వదినా. అన్నం పూర్తిగా చల్లారితే గాని ముట్టదు. కాస్త ఉప్పూ కారం తగిలితే కళ్ళలో నీళ్ళు. పైగా ఇదొక తిక్క, పొద్దున్నే తలుపేసుకుని అరగంట పళ్ళు తోముతుంది. ఈ నెలలో మూడో బ్రష్షు కొన్నాను. కుచ్చంతా చీపురైపోతోంది."

"పోన్లే, మాటలు లేకపోయినా పళ్ళయినా మెరుస్తాయి" అంది రేడియో. మరదలు నవ్వలేదు. దాంతో రేడియోకే ఎలాగో అనిపించి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "దిగులు పడకు. శనివారం దాన్ని నా దగ్గరికి పంపించు. పిల్లలతో సంచి బొమ్మలు చేయిస్తున్నాను. ఎంత సిగ్గరి పిల్లలైనా సరే, బొమ్మ చేతికి తొడిగితే ఇక ఆగరు. మాట్లాడేది బొమ్మ కదా, మనం కాదు కదా! పిచ్చుకని మాట్లాడించకపోతే నా పేరు రేడియో కాదు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ మనసులో వేళాకోళం లేదు. నలభై రోజులుగా ఆవిడకు రాత్రి అన్నం సయించడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఎవరికీ చెప్పని సంగతంటూ ఉంటే అదొక్కటే.

శనివారం వచ్చింది. తమ్ముడు మళ్ళీ నిచ్చెన ఎక్కే రోజు కూడా అదే. కట్టు విప్పేసి పది రోజులైంది, ఇంట్లో కూర్చుంటే తోచడం లేదు, గ్రంథాలయానికి రెండు వీధుల అవతల చెప్పుల దుకాణానికి కొత్త బోర్డు రాయాలి. రంగులంటిన పాత చొక్కా తొడుక్కుని గుమ్మం దాటబోతుంటే పిచ్చుక రెండు చేతులతో కాలు వాటేసుకుంది. ఎంత చెప్పినా వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసి, నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళాడు. తల్లి పిల్లని తెచ్చి గ్రంథాలయంలో దింపుతూ ఈ సంగతి చెప్పింది. "తండ్రంటే ప్రాణం దానికి" అని రేడియో పిల్ల తల నిమిరింది.

బల్ల చుట్టూ పదకొండు మంది పిల్లలు చేరారు. పక్కనున్న రొట్టెల దుకాణం నుంచి తెచ్చిన గోధుమరంగు కాగితపు సంచులు మనిషికొకటి పంచింది రేడియో. కొన్నింటి మీద ఇంకా పిండి అంటుకునే ఉంది. వాసన చూసి కవలలిద్దరూ సంచి నాకబోయారు.

"నాకడం తర్వాత. ముందు వినండి. సంచిని తలకిందులు చెయ్యండి. అడుగున మడత కనపడుతోందా? అదే మన బొమ్మ తలకాయ. మడత అంచు పైపెదవి. దాని కింద, సంచి ఒంటి మీద కింది పెదవి గీయండి. ఇప్పుడు మడత ఎత్తి చూడండి. లోపలున్నది నోరు! ఇదిగో, అందులో అతికించడానికి ఎర్ర నాలుకలు. రాత్రంతా కూర్చుని కత్తిరించాను, నా నాలుక ఒక్కటి తప్ప."

పిల్లలు కిలకిలమన్నారు. సంచిలో చెయ్యి దూర్చి, నాలుగు వేళ్ళు మడతలోకి పోనిచ్చి, బొటనవేలు కింద పెట్టి, మూస్తూ తెరుస్తూ చూపించింది. కాగితం నోరు టప టప కొట్టుకుంది.

"ఒక్కటే జాగ్రత్త. మడత కింద జిగురు రాశారా, నోరు అంటుకుపోతుంది. బొమ్మ మూగదైపోతుంది. అప్పుడు నేను స్కేలు పట్టుకొచ్చి ఆపరేషన్ చెయ్యాలి."

ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు అంటించుకుంటారు. ఆవిడకూ అది సరదానే. డాక్టరమ్మలా నడిచొచ్చి, స్టీలు స్కేలు మడత కిందికి దూర్చి టక్కున లేపుతుంది. కొంతమంది ఆపరేషన్ కోసమే కావాలని అంటించుకుంటారని ఆవిడకు అనుమానం.

పని మొదలైంది. కవలలు ఇద్దరూ ఒకే పిల్లిని చేస్తున్నారు, రెండు సంచుల మీద. ముందు పళ్ళు ఊడిన పిల్ల తన బొమ్మకు పదహారు పళ్ళు పెట్టింది. మూల కిటికీ దగ్గర చిరిగిన పుస్తకాలు కుట్టే పెద్దాయన, పిల్లల గోల వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుని సూదికి దారం ఎక్కిస్తున్నాడు. పిచ్చుక బల్ల చివర కూర్చుంది. తల ఎత్తకుండా చేస్తోంది. నల్ల ఊలుతో రెండు జడలు. పసుపు గౌను. గౌనుకు తెల్ల గుండీలు మూడు. పిల్ల వేసుకున్నదీ పసుపు గౌనే, గుండీలూ మూడే.

"ఇదెవరే? నువ్వేనా?" అంది రేడియో, వెనకనుంచి వంగి.

పిచ్చుక తల ఊపింది. రేడియో గుండె ఉప్పొంగింది. ఇంక అరగంటలో ఈ బొమ్మ మాట్లాడుతుంది, సాయంత్రానికి మరదలు నవ్వుతుంది, సోమవారం హెడ్మాస్టరమ్మ నోరు మూస్తుంది అని లెక్కలన్నీ వేసేసుకుంది.

పిచ్చుక ఎర్ర నాలుక తీసుకుని లోపల అతికించింది. తర్వాత నల్ల స్కెచ్‌పెన్ను మూత తీసి, నాలుక నడిమధ్యన ఒక చుక్క పెట్టింది. చాలలేదు కాబోలు, దాని మీదే గుండ్రంగా తిప్పి తిప్పి కందిగింజంత చేసింది. అప్పుడు బొమ్మ నోరు బాగా తెరిచి అత్త ముఖానికి దగ్గరగా పెట్టి, అత్త కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

"ఇదేంటే? పుచ్చకాయ తిని గింజ ఊయడం మర్చిపోయిందా నీ బొమ్మ?"

పక్కనున్న పిల్లలు నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. బొమ్మని ఇంకాస్త ముందుకు జరిపింది, సరిగ్గా చూడు అన్నట్టు. ఇంతలో కవలల్లో ఒకడు రెండో వాడి జుట్టుకి జిగురు పూశాడు. రేడియో అటు పరిగెత్తింది. పిచ్చుక చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండి, దిగింది.

అందరి బొమ్మలూ అయ్యాయి. వరసగా ఒక్కొక్కరూ లేచి బొమ్మ చేత పేరు చెప్పించాలి. పిల్లులు రెండూ ఒకేసారి మాట్లాడి ఒకదాన్నొకటి కరిచాయి. పదహారు పళ్ళ బొమ్మ తనకు చాక్లెట్లు మానేయమని డాక్టరు చెప్పాడంది. ఎనిమిదో వంతు పిచ్చుకది. పిచ్చుక లేచి నిలబడి చెయ్యి ఎత్తింది.

బొమ్మ నోరు తెరుచుకోలేదు. మడత చుట్టూ, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా, జిగురు దట్టంగా పూసి ఉంది. ఇంకా తడి ఆరలేదు. చుక్కలుగా బొమ్మ పసుపు గౌను మీదికి కారుతోంది.

"అయ్యో, అంటించేసుకున్నావా బంగారం! మడత కింద రాయొద్దన్నానా?" అంటూ రేడియో సొరుగు లాగింది. స్కేలు కనపడగానే పిల్లలందరూ బల్ల చరిచారు.

"ఆపరేషన్! ఆపరేషన్!"

పిచ్చుక బొమ్మని గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగింది. సిగ్గు పడుతోందనుకుంది రేడియో. "నొప్పి పెట్టదమ్మా, ఒక్క నిమిషం, డాక్టరమ్మ చెయ్యి వెన్న" అంటూ బొమ్మని లాక్కుని, స్కేలు దూర్చి, టక్కున లేపింది. మడత విడిపోయింది. ఎర్ర నాలుక సగం చిరిగి, నల్లచుక్కతో సహా బయటికి వేలాడింది.

"వద్దత్తా! తెరవొద్దు! అది మాట్లాడితే నాన్న చచ్చిపోతాడు!"

తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఉంది ఆ గొంతు. మూల కూర్చున్న పెద్దాయన దూది దాటి వినపడేసరికి సూది కింద పడేసుకున్నాడు. నిజం చెప్పాలంటే రేడియోకు ముందు కలిగింది సంతోషం. మాట్లాడింది! నా పిచ్చుక మాట్లాడింది! కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ తర్వాత గాని ఏం మాట్లాడిందో చెవికెక్కలేదు. ఎక్కగానే చేతిలో స్కేలు జారి నేల మీద ఖంగుమంది.

పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుంది. చెంపల మీద వేళ్ళ గుర్తులు పడేంత గట్టిగా. పెద్దవాళ్ళు చేయరాని పని చేసేశాక ఎలా చూస్తారో అలా చూస్తోంది. రేడియో మోకాళ్ళ మీద కూలబడి పిల్ల భుజాలు పట్టుకుంది.

"ఎవరే? ఎవరు చెప్పారు నీకిలాంటి పాడు మాట? ఏ పాపిష్టి నోరు చెప్పింది? చెప్పు, దాని సంగతి నేను చూస్తాను!"

పిచ్చుక ఒక చేతిని నోటి మీదనే ఉంచి, రెండో చెయ్యి మెల్లగా తీసింది. వేలాడుతున్న కాగితం నాలుక మీది చుక్కని ముట్టుకుంది. తర్వాత అదే వేలితో అత్తని చూపించింది.

రేడియో నెత్తిన పిడుగు పడింది. ఆస్పత్రి వార్డూ, మందుల వాసనా, తమ్ముడి కాలి మీద ఇంకా ఆరని తడి కట్టూ, వాటి మధ్యన తన గొంతూ, అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. "నేను ముందే చెప్పానత్తా" అని ఎగురుకుంటూ వచ్చిన పిల్ల గడ్డం పట్టుకుని తనేమంది? "అవునే, అన్నంత పనీ అయింది! నీ నాలుక మీద మచ్చ ఉందే పిచ్చుకా! నువ్వేదంటే అది జరిగిపోతుంది. ఇకనుంచి నీ నోటికి భయపడి బతకాలి మేమంతా!" నర్సు నవ్వింది. పక్క మంచం ముసలాయన నవ్వాడు. మరదలు ఏడుపు మధ్యలో నవ్వింది. తమ్ముడు కాలు పట్టుకుని నవ్వాడు. అందరూ నవ్వుతుంటే తనకెంత బాగుందో కూడా గుర్తొచ్చింది. పిల్ల నవ్విందా లేదా అన్నది మాత్రం గుర్తు రాలేదు. చూడలేదు కాబట్టి.

"పిచ్చుకా, అది ఊరికే..." అంటూ చెయ్యి చాచేసరికి పిల్ల లేదు. కుర్చీ పడిపోయి ఉంది. తలుపు ఊగుతోంది.

"బాబాయ్, పిల్లల్ని చూస్తూ ఉండు!" అని మూలనున్న పెద్దాయనకు వినపడేలా అరిచి రేడియో చెప్పులైనా వేసుకోకుండా వీధిలో పడింది. పసుపు గౌను ఎక్కడికి పోతోందో ఆవిడకు చెప్పక్కర్లేదు. పిల్ల నోట ఆ మాట వచ్చేసింది. నాన్న ఈరోజే నిచ్చెన ఎక్కాడు. ఆరేళ్ళ బుర్రకు ఇంక లెక్క ఏముంది?

రొట్టెల దుకాణం దాటింది. సైకిళ్ళు బాగుచేసే అతను "ఏంటమ్మా, ఏమైంది?" అని లేచాడు. ఇంకెప్పుడైనా అయితే ఆగి అరగంట చెప్పేది, ఇప్పుడు ఆగలేదు. మలుపు తిరిగింది. కాలికి కంకరరాయి గుచ్చుకుంది. రెండో వీధి మొదట్లో దీపస్తంభం పక్కన పిల్ల కొయ్యబారిపోయి నిలబడి ఉంది. రేడియో దాని పక్కన చేరి తల ఎత్తింది.

తమ్ముడు బతికే ఉన్నాడు. నిచ్చెన మీద ఉన్నాడు. రెండు నిలువుల ఎత్తున, ఎడమ చేత్తో మెట్టు పట్టుకుని, కుడిచేత్తో కుంచె చాచి, చివరి అక్షరానికి కొమ్ము దిద్దుతున్నాడు. మంచి కాలు మెట్టు మీద ఉంది. చిట్లిన కాలు సగం గాల్లో ఉంది.

"ఒరేయ్" అని గొంతులో మొదలైంది ఆవిడకు. ఒరేయ్ తమ్ముడూ, దిగరా, ముందు దిగరా! ఆ కేక వీధి చివరి దాకా వినపడేదే. కానీ పెదవులు దాటలేదు. జిగురంటిన చిన్న అరచెయ్యి వచ్చి ఆవిడ నోటికి అతుక్కుంది. పిచ్చుక మునివేళ్ళ మీద నిలబడి, రెండో చేత్తో ఆవిడ కొంగు పట్టుకుని, కళ్ళతోనే బతిమాలుతోంది. ఏం అనొద్దు. ఇక్కడ ఎవరూ ఏం అనొద్దు.

అనలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రేడియో నోరు మూసుకుని నిలబడింది. అరిస్తే అతను ఉలిక్కిపడి తిరిగేవాడని, ఆ కాలు మీద బరువు వేసేవాడని అప్పటికి గాని ఆవిడకు తట్టలేదు. ముక్కుకు జిగురు వాసన కొడుతోంది. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. తమ్ముడు కొమ్ముకు వంపు తిప్పాడు. వెనక్కి వాలి ఒక కన్ను మూసి చూసుకున్నాడు. నచ్చలేదు కాబోలు, మళ్ళీ కుంచె ముంచాడు. వాడి చాదస్తం తగలెయ్య అనుకుంది ఆవిడ. అనుకోవడమే, అనలేదు.

ఆ నిలబడడంలో నలభై ఒక్క రోజులూ ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాయి. ఆకలైనా అడగలేదు. జ్వరమొచ్చినా అమ్మా అనలేదు. మొన్న తలుపు సందులో వేలు నలిగితే ఏడుపుని కూడా మింగేసింది, గుడ్లనీళ్ళు కుక్కుకుంది. మొండి పిల్లంటూ అందరూ విసుక్కున్నారు. అది మొండితనం కాదు, కాపలా. తండ్రిని బతికించుకోవడానికి ఆరేళ్ళ పిల్ల ఒక్కత్తే పగలూ రాత్రీ తన నోటికి తనే కాపలా కాసుకుంది. కాపలా పెట్టింది ఈ మేనత్త. పెట్టి మర్చిపోయింది.

తమ్ముడు కుంచె డబ్బాకు తగిలించి, డబ్బా చేత పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టు దిగుతుంటే కొంగు మీద పిల్ల పిడికిలి ఒక్కోసారి బిగుసుకుంటోంది. నాలుగో మెట్టు మీద చిట్లిన కాలు తడబడింది. అడుగు పడాల్సిన చోట పడలేదు. అతను నిచ్చెనకు కరుచుకున్నాడు. "అయ్యో" అన్న కేక ఆ చిన్న అరచేతి కింద ఆగిపోయింది. అతను సర్దుకుని, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు దిగి, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాడు.

వెనక్కి తిరిగి వాళ్ళని చూసి తెల్లబోయాడు. "ఏంటక్కా, ఇక్కడున్నారేంటి? ఆ వట్టి కాళ్ళేంటి? మొహాలలా పాలిపోయాయేంటి ఇద్దరికీ? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

అక్క జవాబు చెప్పకపోవడం చూసి అతనికి నిజంగా భయం వేసింది. పిచ్చుక మాత్రం నడిచి వెళ్ళి తండ్రి మోకాలు ముట్టుకుంది. పాదం ముట్టుకుంది. రంగంటిన చెయ్యి తీసుకుని తిప్పి చూసింది.

"నాన్నా."

అతని చేతిలో డబ్బా కింద పడింది. ఎర్రరంగు నేలంతా పాకింది. అతను దాన్ని చూడనేలేదు.

"నేను అనేశాను నాన్నా. నువ్వు చచ్చిపోతావని అనేశాను. అయినా నువ్వు చచ్చిపోలేదు."

"ఏంటి తల్లీ? ఏమంటున్నావ్? అక్కా, ఏంటిది? ఏమంటోంది?"

పిచ్చుక తండ్రి చెయ్యి వదలకుండానే అత్త వైపు తిరిగింది. ఆ ముఖంలో చాలా రోజుల తర్వాత ఏదో ఆశ కనపడింది.

"అత్తా, మచ్చ పోయినట్టుంది. చూడవా?"

డాక్టరుకు తెరవని నోరు, తల్లికి తెరవని నోరు, ఎండకెదురుగా బాగా తెరిచి పట్టుకుంది. రేడియో వంగి చూసింది. మచ్చ లేదు. ఎప్పుడూ లేదు. నాలుక మాత్రం నాలుకలా లేదు. కొసనుంచి మధ్యదాకా తోలు లేచిపోయి, పచ్చి పుండులా ఎర్రగా ఉంది. అడ్డంగా నిలువుగా గీతలు, కొన్ని మానినవి, కొన్ని ఈ పొద్దున్నవి. నెలకు మూడు బ్రష్షులు. తలుపేసుకుని అరగంట. చల్లారితే గాని ముట్టని అన్నం. పళ్ళయినా మెరుస్తాయి అని తను వేసిన జోకు.

తమ్ముడూ వంగి చూశాడు. దుకాణం అరుగు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"రోజూ తోమాను" అంది పిచ్చుక. "గట్టిగా తోమితే పోతుందనుకున్నా. అద్దంలో చూస్తే కనపడలేదు. వెనకెక్కడో ఉందేమో అనుకున్నా. పోయిందా అత్తా?"

పోయిందమ్మా అనేస్తే సరిపోయేది. ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట, ఎప్పటిలాగే తేలిగ్గా. ఈసారి ఆవిడ దాన్ని మింగింది. గట్టి నేల మీద మోకాళ్ళూని, పిల్ల కళ్ళలోకి చూసి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది.

"లేదమ్మా. పోలేదు. అసలు మచ్చే లేదు. ఎప్పుడూ లేదు. నాన్న పడింది నువ్వన్నందుకు కాదు, స్టూలు కాలు విరిగి పడ్డాడు. అందరూ నవ్వాలని నేనే నోటికొచ్చింది వాగాను. అది జోకు, పిచ్చుకా. వట్టి జోకు."

పిచ్చుక అత్త ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. నెమ్మదిగా నోరు మూసుకుని, ఎండిన నాలుకని తడుపుకోబోయి, నొప్పికి ముఖం ముడుచుకుంది.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా అత్తా" అంది.